క్యాప్సూల్ రంగు చెబుతున్నారు, జెలటిన్ ఎక్కడిదో కూడా చెప్పించండి

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను మందుల షాపు నడిపే ఫార్మసిస్టును. క్యాప్సూల్ స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది: తొడుగులో అనుమతి ఉన్న రంగులే వాడామని. పిసరంత ఉండే రంగు గురించి చెబుతారు గానీ, అసలు తొడుగు దేనితో చేశారో చెప్పరు.

చాలావరకు అది జెలటిన్. పశువులు, పందుల చర్మంలోనూ ఎముకల్లోనూ ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్ నుంచి తీస్తారు. ఎముకలను పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెడితే ఖనిజాలు కరిగిపోయి మెత్తటి ఒసీన్ మిగులుతుంది. దాన్ని వారాల తరబడి సున్నపు నీళ్లలో ఉంచి, ఆ తర్వాత వేడినీళ్లలో జెలటిన్ దింపుతారు. చల్లటి నీళ్లలో ఉబ్బుతుంది, ఒంటి వేడికి కరుగుతుంది, ఆరితే పలచని గట్టి పొరవుతుంది. మందు కడుపులోకి వెళ్లాక విడిపోవాలంటే ఇంతకన్నా అనువైన సరుకు దొరకడం కష్టమే. ఎక్స్‌రే ఫిల్మ్ మీద వెండి లవణాలను పట్టి ఉంచేదీ ఇదే. దాన్ని ఎవరూ మింగరు కాబట్టి పేచీ లేదు.

జెలటిన్‌ను ఆపేయమని నేను అడగడం లేదు. మొక్కల సెల్యులోజ్‌తో చేసే తొడుగులకు మారే ఆలోచన మీద 2017లో మీ శాఖే అభిప్రాయాలు అడిగింది. వాటి ధర ఎక్కువ. ఆ భారం చివరికి రోగి మీదే పడుతుంది.

అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు, జైనులు, ముస్లింలు "ఇది దేంతో చేశారండీ?" అని అడిగితే నా దగ్గర జవాబు ఉండదు. కొందరు ఇంటికెళ్లి తొడుగు విప్పి లోపలి మందు మాత్రమే వేసుకుంటారు. ఎసిడిటీకి ఇచ్చే ఒమెప్రజోల్ క్యాప్సూల్‌లోని చిన్న గుళికల మీద ఆమ్లం తగలకుండా పూత ఉంటుంది. వాటిని నూరినా, నమిలినా మందు కడుపులోనే పాడైపోతుంది. సంగతి చెబితే జనం మందులు మానేస్తారని కొందరి వాదన. చెప్పకపోతే ఏం జరుగుతోందో కౌంటర్ దగ్గర నిలబడితే తెలుస్తుంది.

దీన్ని భక్తుల పట్టింపుగా కొట్టిపారేయకండి. 2012లో చైనాలో తోళ్ల తుక్కు నుంచి తీసిన పారిశ్రామిక జెలటిన్‌తో క్యాప్సూళ్లు చేశారు. వాటిలో తోళ్లు ఊనడానికి వాడే క్రోమియం అనే లోహం పరిమితి దాటి బయటపడింది.

మందుల మీద ఇలాంటి వివరం ఉండాలన్న ఢిల్లీ హైకోర్టు తీర్పును 2013లో సుప్రీంకోర్టు పక్కన పెట్టింది. ఇక చేయాల్సింది ప్రభుత్వమే. 2014లో సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు మీద కూడా ఆకుపచ్చ, గోధుమ చుక్కలు పెట్టమన్నారు. రోజూ మింగే క్యాప్సూల్‌కు మాత్రం ఏ గుర్తూ లేదు.

ఆ రంగుల వాక్యం పక్కనే ఇంకొక్క మాట అచ్చు వేయించండి: పశువు, పంది, చేప, మొక్క, వీటిలో ఏదైతే అది. తొడుగులు కొనే కంపెనీకి ఇది తెలియని విషయమేమీ కాదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు వాడే మందులకు మినహాయింపు ఇవ్వండి, అక్కడ ఆలోచించుకునే టైమ్ ఉండదు. కంపెనీలకు ఒక ఏడాది గడువిచ్చినా పర్లేదు, మా దగ్గరున్న పాత స్టాకు కూడా అమ్ముడుపోవాలి కదా.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు