కార్బన్ పైపులైనుపై కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

మా ఊరి థర్మల్ ప్లాంట్‌లో భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌ను గాలిలోకి పోకుండా పట్టి, పైపుల్లో పంపి భూమిలో దాస్తారని విన్నాం. వివరాలు కోరుతూ ఇచ్చిన అర్జీలకు జవాబు లేదు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

ఈ పద్ధతి పనికిరాదని అనను. నార్వే 1996 నుంచి స్లైప్నర్ అనే గ్యాస్ క్షేత్రం దగ్గర సముద్రం అడుగు నేల కింద దాస్తూనే ఉంది. సిమెంటు ఫ్యాక్టరీలకైతే ఈ గ్యాస్‌ను తగ్గించుకోవడానికి వేరే దారులూ తక్కువే.

కానీ 2020లో అమెరికాలోని సటార్షియా అనే ఊరి దగ్గర ఇలాంటి పైపే పగిలింది. గ్యాస్ కమ్మేసి ఆక్సిజన్ అందక కార్ల ఇంజన్లు ఆగిపోయాయి, 45 మంది ఆసుపత్రి పాలయ్యారు. పైగా గ్యాస్‌ను పట్టడానికీ కరెంటు కావాలి. అంటే మరింత బొగ్గు, మరింత బూడిద. ఆరేసిన బట్టల మీద, మిరప ఆకుల మీద ఇప్పటికే అదే కదండీ!

దయచేసి గ్రామసభ పెట్టించండి. పైపు వెళ్లే దారి, లీకైతే ఏం చేయాలో తెలుగులో రాసి ఇంటింటికీ ఇప్పించండి. అప్పటిదాకా అనుమతులు ఆపండి.

ఇట్లు,
ప్లాంటు పక్క ఊరి రైతు