బిషప్ చేతిలో దుడ్డుకర్ర

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో మధ్యయుగ యూరప్ మీద వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. బిషప్పుల దగ్గరకొచ్చేసరికి పంటి కింద రాయి తగిలింది. జనానికి స్వర్గం ఆశ చూపి పొలాలు రాయించుకున్నారు, సుఖపడ్డారు అని తేల్చేశారు. అలాంటివాళ్లు లేరని నేననను. ఫ్రాన్స్‌లోని బాయూ బిషప్ ఓడోనే తీసుకోండి. ఇంగ్లండ్‌ను గెలిచిన విలియం రాజుకు తల్లి వైపు తమ్ముడు. 1066 నాటి హేస్టింగ్స్ యుద్ధాన్ని దారాలతో కుట్టిన పొడవాటి గుడ్డ ఒకటుంది. దాని మీద ఈయన గుర్రమెక్కి, దుడ్డుకర్ర ఝళిపిస్తూ కనిపిస్తాడు! చివరికి 1082లో అన్నగారే జైల్లో పెట్టించాడు.

కానీ రాజులు బిషప్పులకు భూములు ఊరికే ఇవ్వలేదు. యుద్ధమొస్తే సైనికుల్ని పంపాలి, కొలువులో సలహా చెప్పాలి, తగవులు తీర్చాలి. అందుకే బిషప్ పీఠం మీద ఎవర్ని కూర్చోబెట్టాలన్నది అంత పెద్ద గొడవైంది. 1077 జనవరిలో జర్మనీ రాజు నాలుగో హెన్రీ ఇటలీలోని కనోసా కోట ముందు చలిలో మూడు రోజులు పడిగాపులు పడింది పోప్‌తో ఈ తగాదా వల్లే. 1122లో జర్మనీలోని వోర్మ్స్‌లో రాజీ కుదిరింది. బిషప్ పదవికి గుర్తులైన ఉంగరం, దండం ఇచ్చే హక్కు చర్చిది, భూముల మీద అధికారం ఇచ్చేది చక్రవర్తి.

ఇక బిషప్ రోజువారీ పనేమిటో తెలియాలంటే ఫ్రాన్స్‌లోని రూఆన్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) యూడ్ రిగో రిజిస్టరు చూడాలి. 1248 నుంచి 1269 దాకా ఊరూరా తిరిగి రాయించింది. ఫలానా ఊరి గురువు (ఫాదర్) తాగుతాడు, ఇంకొకాయన పాచికలాడతాడు, మరొకాయన తన విచారణలో (పారిష్‌లో) ఉండనే ఉండడు. మఠానికి అప్పెంత, రావలసిందెంత, కొత్త పంట దాకా గింజలు సరిపోతాయా? ఒకచోట కన్యాస్త్రీలు కుక్కపిల్లల్నీ ఉడతల్నీ పెంచుకుంటుంటే వద్దన్నాడు పాపం! మా విచారణలో ఇప్పటికీ బిషప్ గారు తనిఖీకి వస్తున్నారంటే చాలు, జ్ఞానస్నానాల రిజిస్టరు, జమాఖర్చుల పుస్తకం సర్దుకునే టెన్షన్ మొదలవుతుంది.

ఈ వ్యాసానికి రెండో భాగం ఉందన్నారు. అందులో ఓడో దుడ్డుకర్రతో పాటు రిగో రిజిస్టరుకూ కాస్త చోటివ్వమని మనవి.

– ఒక రిటైర్డ్ సోషల్ టీచర్, తెనాలి