గుంతకల్లు అక్కా, మీ తువ్వాలు మా దగ్గరే ఉంది

నిన్న రాత్రి పదకొండు దాటినాక రాయదుర్గంలో బస్సు దిగినాము. పన్నెండు రోజుల తర్వాత మా పాప తన మంచం మీద పడుకుంది. నాకే నిద్ర పట్టలేదు, అందుకే కూర్చొని ఇది రాస్తున్నా. తప్పులుంటే మన్నించండి, నేను జీన్స్ ప్యాంట్లు కుట్టేవాణ్ణి, రాసేవాణ్ణి కాదు.

పాపకు పంతొమ్మిదేళ్లు. లూపస్ అని పోయిన సంవత్సరం తేలింది. జబ్బులతో పోరాడాల్సిన ఒంటి శక్తే తిరిగి సొంత ఒంటి మీద పడే జబ్బు అది. అంతకుముందు బుగ్గలు ఎర్రబడితే ఎండ అనుకున్నాము, కీళ్లు నొప్పులంటే చికున్‌గున్యా అనుకున్నాము. మాత్రలు మొదలుపెట్టిన నాలుగు నెలలకు మొహం తేటపడింది, కాలేజీకి పోయింది. మూడు నెలలకొకసారి రక్తం, మూత్రం పరీక్షలు చేయించుకొని రమ్మని డాక్టరమ్మ రాసిచ్చింది. నేను చేయించలేదు. ఐదు నెలలు ఎగ్గొట్టినా. బాగున్న బిడ్డకు సూదులెందుకు, వేలకు వేలు ఎందుకు అనుకున్నా. ఇది దాచుకునే పని లేదు.

పాదాలు కొంచెం వాచినట్లు కనిపిస్తే తెల్లారుజామున బస్సెక్కి కళ్యాణదుర్గం మీదుగా అనంతపురం పోయినాము. ల్యాబులో బిల్లు 4,150 అన్నారు. నా దగ్గర మూడున్నర వేలు, పైన బస్సు చార్జీలు. స్లిప్పులో మూత్రం పరీక్షలు కనిపించినాయి. జబ్బు రక్తంలో కదా ఉండేది, ఇవెందుకు అని నేనే కొట్టేయించినా.

లోపల నరం దొరకలేదు. కుడి చేతికి రెండుసార్లు, ఎడమ చేతికి ఒకసారి పొడిచినారు. చల్లగాలి తగిలితే మా పాప వేళ్లు సున్నం కొట్టినట్లు తెల్లబడతాయి, అదీ ఈ జబ్బు పనే. రక్తం తీసే అబ్బాయిని అనేదానికి లేదు, బయట అరవై మంది ఉన్నారు. కాసేపు కూర్చోండి, మళ్లా చూద్దాం అన్నాడు. పాప బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంది. ఏడ్చింటే బాగుండేది. ఊరికే గోడను చూస్తా ఉంది.

అప్పుడు పక్కన కూర్చున్న మీరు అడిగినారు, "ఏమప్పా, బిడ్డకు ఏమన్నా పెట్టినావా?" అని.

"లేదక్కా, పరగడుపున రావాల కదా."

స్లిప్పు తీసుకొని చదివినారు. "దీంట్లో షుగరూ లేదు, కొవ్వు పరీక్షా లేదు. వీటికి పరగడుపు అని ఎవరు చెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. మాకు మేమే అనుకొని, సంవత్సరం నుంచి ఆ బిడ్డను కడుపు మాడ్చి వంద కిలోమీటర్ల దాకా బస్సులో తిప్పినాము.

మీరు స్టీలు డబ్బా మూత తీసినారు. ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు. బజ్జీ తుంచి లోపలి గింజలు గోటితో తీసేసి, "స్టెరాయిడ్ మాత్రలు మింగే కడుపు, కారం వద్దు తల్లీ" అని పైపిండి మాత్రం పెట్టినారు. ఫ్లాస్కులోని వేన్నీళ్లు తువ్వాలు మీద పోసి, పిండి, ముందు మీ మోచేతికి ఆనించి వేడి చూసుకొని, తర్వాత పాప మోచేతికి చుట్టినారు. ఆ చెయ్యి మీ ఒళ్లో పెట్టుకొని వేళ్లు రుద్దతానే ఉన్నారు. పది నిమిషాలకు పాప లోపలికి పోతే ఒక్క పోటుకే రక్తం వచ్చింది. ఊదా మూత ట్యూబు, పసుపు మూత ట్యూబు రెండూ నిండినాయి. నేను మెట్ల కిందికి పోయి ఏడ్చినా. కన్నతండ్రిని నాకు తెలియాల్సిన పని అది.

తిరిగొచ్చేసరికి మీరు స్లిప్పు పట్టుకొని కోపంగా ఉన్నారు. "మూత్రం పరీక్షలు ఎవరు కొట్టేసినారు?"

"నేనే అక్కా."

"ఏదన్నా తియ్యి, ఇది తియ్యొద్దు. ఈ జబ్బు కిడ్నీని కొట్టేటప్పుడు నొప్పుండదు నాయనా. కిడ్నీ వడగట్టాల్సిన చెత్త, క్రియాటినిన్ అంటారే, అది రక్తంలో పెరగకముందే మూత్రంలో ప్రొటీను పోతాది." ఇంకో వరుస మీద వేలు పెట్టినారు. "ఏఎన్ఏ మళ్లా ఎందుకు? జబ్బుందా అని మొదట చూసే రక్తపరీక్ష అది. పోయినేడే పాజిటివ్ వచ్చింది కదా. జబ్బు ఎంతుందో అది చెప్పదు. నా మాట కాదు, మీ డాక్టరమ్మకే ఫోన్ చేసి అడుగు." అడిగినా. పొరపాటున పడింది, తీసేయమంది. ఆ డబ్బుల్లో మూత్రం పరీక్షలు వచ్చినాయి.

సాయంత్రం రిపోర్టు. క్రియాటినిన్ 0.8, మామూలే. మూత్రంలో ప్రొటీను నిష్పత్తి మాత్రం 0.2 లోపల ఉండాల్సింది 1.8 ఉంది. సీ3, సీ4 అని రక్తంలో ఉండే ప్రొటీన్లు, ఈ జబ్బు లేస్తే తగ్గేవి, అవి పడిపోయినాయి. అదే రాత్రి చేర్చుకున్నారు. కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపినారు, మూడు రోజులు స్టెరాయిడ్ డ్రిప్పు ఎక్కించినారు, కొత్త మాత్ర మొదలుపెట్టినారు. సరైన టైములో పట్టుకున్నాము అని డాక్టరమ్మ అన్నది. పట్టుకున్నది మీరు.

అక్కా, మీ పరీక్షలు రాసుకున్న నోటుబుక్కు గురించి కూడా రాయాల. పదమూడేళ్లది, పేపరు అట్ట వేసింది. తేదీ, హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, సీ3, సీ4, మూత్రం, అన్నీ గీతలు గీసిన గళ్లలో. మొదటి సంవత్సరం నెలనెలా ఉన్నాయి, తర్వాత మూడు నెలలకు, జబ్బు అణిగినాక ఆరు నెలలకు. ఒకచోట మళ్లా నెలనెలా మొదలైనాయి. ఇదేందక్కా అంటే "మళ్లా లేచింది, మళ్లా మొదటికొచ్చినా" అని నవ్వినారు. వెనక నుంచి రెండు కాగితాలు చింపి, స్కాన్ కవరు అంచు ఆనించి పాపకు గళ్లు గీసిచ్చినారు. "ఎన్నాళ్లకొకసారి అని నన్ను అడగొద్దు. జబ్బును బట్టి, మాత్రలను బట్టి మీ డాక్టరే చెప్తాది. చెప్పిన తేదీ రాసుకో, ఒంట్లో బాగుందని తప్పొద్దు. ఒకే ల్యాబులో చేయించు, లేకుంటే అంకెలు పోల్చుకోలేవు." ఇప్పుడు మాకు రెండు వారాలకొకసారి, కుదురుకున్నాక నెలకు, ఆ తర్వాత మూడు నెలలకు అన్నారు. కొత్త మాత్రకు తెల్లకణాలు తగ్గొచ్చంట. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మాత్ర వాడుతుంది, ఏళ్ల తరబడి వాడితే అది కంటిని దెబ్బతీయొచ్చంట, కాబట్టి కంటి పరీక్ష కూడా ఉంది. అన్నీ ఆ గళ్లలోనే రాసినా.

ఒక మాట అనకుండా ఉండలేను. బెడ్డు మీద పడుకుంటే మా కార్డు పనికొచ్చింది, సంతోషం. బెడ్డు మీద పడకుండా కాపాడే నాలుగు వేల పరీక్షకు మాత్రం అది చెల్లలేదు. మొదట పోయిన ఒక ఆసుపత్రిలో అయితే నాలుగు రోజుల కిందటి రిపోర్టు చూపిస్తే, ఇది మా ల్యాబుది కాదు, మళ్లా తీయించండి అన్నారు. చీమకుట్టినంత సేపే అంట! ఆ బిడ్డ చేతుల మీది మచ్చలు వచ్చి చూడమనండి.

ఇంట్లోవాళ్లు, మా తమ్ముడు, అత్తమ్మ ఎట్లాగూ చేసినారు, వాళ్లకు వేరే చెప్పను.

మర్చిపోయినా, వార్డులో రాత్రిపూట పాప జుట్టు దువ్వి జడ వేసిన ఆయమ్మకు దండాలు. జుట్టు ఊడుతుందని తెలిసి దువ్వెన కాకుండా వేళ్లతో చిక్కు తీసింది. కాలేజీలో అటెండెన్సు సంగతి నేను చూసుకుంటా అన్న మేడంకు కూడా. మిషన్ల మీద నా వంతు పీసులు కూడా కుట్టి లాటు ఆపకుండా పంపిన పిల్లలకు. కళ్యాణదుర్గంలో పాపకు వాంతి వస్తే ఐదు నిమిషాలు బస్సు ఆపిన కండక్టరన్నకు.

అక్కా, మీ పేరు అడగలేదు. గుంతకల్లు అని, ఆయనది రైల్వే అని అన్నారు, అంతే తెలుసు. తువ్వాలు ఉతికి మడత పెట్టినాము. పచ్చ అంచుది. వచ్చే శనివారం మళ్లా అదే ల్యాబుకు వస్తాము, పాప తినే వస్తుంది.

ఇంకొకాయన ఉన్నాడు, ఆసుపత్రి నుంచి బస్టాండుకు దింపిన ఆటో అన్న. చిల్లర లేదంటే తర్వాత ఇయ్యప్పా అని పోయినాడు. ఆయనకు నలభై రూపాయలు ఇయ్యాల.