ఐబీఎస్ మందు ఎప్పుడు ఆపాలో చీటీ మీద రాయించండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కావలిలో మందుల షాపు నడిపే ఫార్మసిస్టుని. మా దగ్గరికి వచ్చే కొందరి చేతిలో చీటీ ఉండదు, కత్తిరించిన స్ట్రిప్ ముక్క ఉంటుంది. పేరు సగమే మిగిలి, చెమటకు ఆ అక్షరాలూ చెరిగిపోయి ఉంటాయి. "అన్నా, ఇదే ఇయ్యి" అంటారు. చూస్తే ప్రోబయాటిక్, అంటే మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న క్యాప్సూల్. ఐబీఎస్ (కడుపునొప్పి, విరేచనంలో తేడాలు మళ్లీ మళ్లీ వచ్చే పేగుల సమస్య) అని డాక్టరు గారు ఎప్పుడో రాసిచ్చారు. ఎన్నాళ్లు వాడాలో రాయలేదు.

ఒంగోలు వైపు లారీ తోలే ఒకాయనకు అది ఆపాలంటే టెన్షన్, హైవే మీద కడుపు మెలిపెడితే ఎక్కడ ఆపుకోవాలని. ఆపినప్పుడల్లా నొప్పి మళ్లీ వస్తోంది కాబట్టి మందు పనిచేస్తున్నట్టేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని తప్పు పట్టలేను. కానీ ఐబీఎస్ తనంతట తానే తగ్గుతూ, పెరుగుతూ ఉండే జబ్బు. అధ్యయనాల్లో మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలోనూ చాలామందికి తగ్గినట్టు అనిపిస్తుంది.

క్యాప్సూల్‌తో లోపలికి వెళ్లిన బ్యాక్టీరియా సాధారణంగా పేగుల్లో కాపురం పెట్టదు. ఆపిన కొద్ది రోజులకో, వారాలకో మలంలో కనపడకుండా పోతుంది. అధ్యయనాలు ఎక్కువగా 4 నుంచి 12 వారాలవే. ఆపాక నెలల తరబడి రోగులను గమనించినవి తక్కువ. మానేశాక కూడా మేలు నిలుస్తుందని చెప్పడానికి ఆ ఆధారం చాలదు. ఏళ్ల తరబడి వాడమనడానికీ చాలదు. 12 వారాల వరకు వాడి చూసి, గుణం లేకపోతే ఆపేయమని బ్రిటిష్ గ్యాస్ట్రోఎంటరాలజీ సొసైటీ 2021లో చెప్పింది. అదే ఏడాది అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ అసలు వద్దనే వైపే మొగ్గింది.

అందుకే అడుగుతున్నాను. మందు మొదలుపెట్టిన తేదీ, మళ్లీ చూపించుకుని ఆపాలో లేదో తేల్చుకోవాల్సిన తేదీ, రెండూ ఓపీ చీటీ మీద తెలుగులో ఉండాలి. బ్యాక్టీరియా రకం పేరు కూడా రాయాలి, ఎందుకంటే ఒక రకం మీద వచ్చిన ఫలితం ఇంకో రకానికి వర్తించదు. రోజుకూలీ ఇంట్లో నెలనెలా ఈ ఖర్చు చిన్నది కాదు.

నాకు అన్నిటికన్నా భయం వేసేది వేరే ఉంది. మలంలో రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా కొందరు "పాత గ్యాసేలే" అనుకుని అదే స్ట్రిప్ ముక్క తెస్తారు. అవి ఐబీఎస్ లక్షణాలు కావు, వెంటనే పరీక్షలు చేయించుకోవాలి. తిరిగి చూపించుకునే తేదీ చీటీ మీద ఉంటే, వీళ్లను డాక్టరు దగ్గరికి పంపడానికి నాకు ఒక ఆధారం దొరుకుతుంది. నెల్లూరు జిల్లా ప్రభుత్వాసుపత్రుల్లో ముందుగా దీన్ని మొదలుపెట్టించండి.

ఇట్లు,
కావలి నుంచి ఒక ఫార్మసిస్టు