మా మార్గరీటా పిజ్జా మీద చీజ్ మారింది

ఈ సోమవారం నుంచి బెజవాడలోని మా షాపులో పిజ్జా మీద వేసే ఇటలీ మోజరెల్లా చీజ్ ఉండదు. బోర్డు మీద ఆ మాట నేనే చెరిపేశాను.

పోయిన నెల హైదరాబాద్ నుంచి డిస్ట్రిబ్యూటర్ పంపిన పెట్టె విప్పితే ఐస్ ప్యాకులు గోరువెచ్చగా తగిలాయి. చీజ్ ఉండలున్న ఉప్పునీళ్ల ప్యాకెట్లు పూరీల్లా ఉబ్బిపోయాయి. ఒకటి కత్తిరించా, పులిసిన మజ్జిగ వాసన. ఫోన్ చేస్తే "ఎండలు కదండీ, కడిగి వాడేయండి, ఓవెన్‌లో పెట్టాక ఎవరికీ తెలీదు" అన్నాడు. తెలీదట! నాలుగేళ్లలో ఒక్క బిల్లు ఆలస్యం చేయని మనిషిని నేను. పన్నెండు ప్యాకెట్లూ పారబోశాను. డబ్బులు ఇంకా రాలేదు.

మానేద్దామా వద్దా అని రెండు వారాలు నిద్ర లేదు. 'ఇటాలియన్' అన్న మాట చూసే మీలో సగం మంది మొదటిసారి లోపలికొచ్చారని నాకు తెలుసు. కానీ నేను అంత పోసి కొన్నది ఆవుపాలది. ఇటలీవాళ్లు ఎక్కువ డబ్బిచ్చి కొనుక్కునేది అక్కడి కంపానియా ప్రాంతపు గేదెపాల మోజరెల్లా. కృష్ణా జిల్లాలో గేదెపాలకు కరువా? ఆవుపాలలో వెన్న నాలుగు శాతం, గేదెపాలలో ఏడు దాకా. పైగా తాజా మోజరెల్లా నిల్వ సరుకు కాదు. విమానం, కస్టమ్స్, లారీ దాటేసరికి దాని ఆయుష్షు చాలావరకు అయిపోతుంది.

గుడివాడ వైపు ఒక చిన్న డెయిరీ పట్టాను. మొదటి విడత ఘోరం. సాగలేదు, పుటుక్కున తెగింది. పిజ్జా మధ్యలో నీళ్లు. వెళ్లి పక్కన కూర్చున్నా. విరిగిన పాలముద్ద సరిగ్గా పులవకముందే వేడినీళ్లలో వేసి లాగుతున్నారు. ఇంకాసేపు ఆగమన్నాను, ఉండలు రాత్రంతా ఫ్రిజ్‌లో వడకట్టమన్నాను. మూడో విడతకి దారికొచ్చింది. (పేపర్లు చీజ్‌ని జున్ను అని రాస్తుంటే, జున్నుపాల మీద పెరిగిన నాకు ఒళ్లు మండుతుంది.)

శాండ్‌విచ్‌లో వేసే గౌడా చీజ్ మాత్రం హాలండ్‌దే, వేరేవాళ్ల దగ్గర తీసుకుంటున్నా. ఏడాది మాగిన గౌడాలో పంటికింద కలకండలా పలుకులు తగులుతాయి, ఆ రుచి ఇక్కడి ప్రాసెస్డ్ చీజ్‌లో నాకు దొరకలేదు. గట్టి చీజ్ కాబట్టి ప్రయాణమూ తట్టుకుంటుంది. స్టాకు లేని వారం ఆ శాండ్‌విచ్ ఉండదు, దాని బదులు ఇంకోటి పెట్టను.

2025 సెప్టెంబర్‌లో చీజ్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినా మీరు రేటెందుకు తగ్గించలేదని అడిగారు. కస్టమ్స్ సుంకం, విమానం ఖర్చు తగ్గలేదండీ. ఇప్పుడు ఆ రెండూ లేవు కాబట్టి మార్గరీటా 40 రూపాయలు తగ్గింది. నచ్చకపోతే తినేటప్పుడే చెప్పండి, ఇంకోటి వేసిస్తాను.

ఆ డిస్ట్రిబ్యూటర్ పేరు అడక్కండి. వాళ్లిచ్చిన క్యాలెండర్ మాత్రం గోడ మీంచి తీసేశాను.