చందాలడిగే సైకిలు

ఒరేయ్,

"ఈ వయసులో నూరు కిలోమీటర్లు సైకిలు తొక్కడమేంట్రా, మతి పోయిందా?" అని మెసేజ్ పెట్టావు కదా. ఫోన్లో చెబితే మధ్యలోనే నవ్వడం మొదలుపెడతావని ఉత్తరం రాస్తున్నాను. కాస్త తీరిక చేసుకుని చదువు.

డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన మెల్లమెల్లగా దెబ్బతినే జబ్బు, ఉన్నవాళ్ల ఇంట్లోవాళ్లకి సాయపడే ఒక సంస్థ ఉంది. నాన్నకి ఆ జబ్బే కదా, అమ్మ నెలకోసారి వాళ్ల మీటింగుకి వెళ్తుంది. వాళ్లు ఈ సైకిల్ యాత్ర పెట్టారు. తొక్కేవాళ్లు తలా కొంత చందా పోగుచెయ్యాలి. వచ్చిన డబ్బులో కొంత కుటుంబాల సాయానికి, కొంత ఈ జబ్బు మీద పరిశోధనకి. నేను ఆవేశంలో పేరిచ్చేశాను. ఇంటికొచ్చి సైకిలు బయటికి తీస్తే చైనంతా తుప్పు, రెండు చక్రాల్లోనూ గాలి లేదు.

మొదటి రెండు వారాల సంగతి అడక్కు. సీటు కిందికి ఉంటే మోకాళ్లు నొప్పులని తెలిసేసరికే మోకాళ్లు పోయాయి. పెడల్ అడుక్కి వెళ్లినప్పుడు కాలు దాదాపు సాగాలిట, మోకాలు కొంచెం మాత్రమే వంగాలిట. ఇక మెత్త కుట్టిన సైకిల్ నిక్కరు ఒకటి కొన్నాను. దాని లోపల ఇంకేమీ వేసుకోకూడదని ఎవరూ చెప్పలేదు. వేసుకున్నాను. ఇరవై కిలోమీటర్లకి కుట్లు ఒరుసుకుని మూడు రోజులు నిలబడే అన్నం తిన్నాను. ఇప్పుడు నవ్వుకో.

తొక్కడం ఎలాగో అలవాటైంది గానీ, చందా అడగడమే చావుకొచ్చింది. నీకు తెలుసుగా, నేను ఇచ్చిన అప్పే తిరిగి అడగలేను. ఒకాయనైతే "నువ్వు సైకిలు తొక్కితే జబ్బు నయమవుతుందా? ఆ డబ్బేదో నువ్వే ఇవ్వొచ్చుగా" అన్నాడు. మాటకి మాట చెప్పలేక వచ్చేశాను. కానీ అది న్యాయమైన ప్రశ్నే. రాత్రంతా ఆలోచిస్తే నాకు తట్టింది ఒకటే. ఊరికే చెయ్యి చాపలేని నాలాంటివాడికి సైకిలు ఒక సాకు. అవతలివాళ్లకీ సాకే, నాన్న సంగతి నేరుగా అడగలేనివాళ్లు "ప్రాక్టీసు ఎలా ఉంది?" అని మొదలుపెడతారు.

అలా మొదలుపెట్టినవాళ్లే నన్ను ఆశ్చర్యపరిచారు. ఆఫీసులో ఎనిమిదేళ్లుగా నా పక్క సీట్లో కూర్చునే మనిషి చందా ఇచ్చి, కదలకుండా నిలబడ్డాడు. వాళ్లమ్మకీ ఇదేనట. రాత్రిళ్లు తలుపు తీసుకుని వెళ్లిపోతోందని లోపల తాళం వేసి, ఆ తాళంచెవి మెడలో వేసుకుని పడుకుంటాడట. ఎనిమిదేళ్లలో ఒక్క మాట అనలేదు! చివర్లో "ఎవరికీ చెప్పకు" అన్నాడు. ఇలాంటివాళ్లు ఇప్పటికి ఏడుగురయ్యారు. "వయసు మీద పడింది, చాదస్తం" అని మనం సరిపెట్టేసుకుంటాం గానీ, అది వయసుతో వచ్చే మామూలు మతిమరుపు కాదు, జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో 5.7 కోట్ల మందికి ఉంది, ఏటా దాదాపు కోటిమంది కొత్తగా చేరుతున్నారు. ఇంతమంది ఉండీ ఎవరికి వాళ్లు మనింట్లోనే అనుకుంటున్నాం.

డబ్బు దేనికి వెళ్లాలన్న దగ్గర అమ్మకీ నాకూ పెద్ద వాదన. నేను మందులంటాను, ఆవిడ మనుషులంటుంది. మందుల విషయం చదివాను. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్. దానికి 2023లో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చిన లెకానెమాబ్ అనే మందు మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్ని తొలగిస్తుంది. పరీక్షల్లో తేలిందేమిటంటే, జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లకి ఏడాదిన్నరలో దిగజారుడు సుమారు 27 శాతం నెమ్మదించింది. ఆగలేదు, నెమ్మదించింది. కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం కూడా వస్తాయి. అయినా చాలా ఏళ్ల నిరాశ తర్వాత అదే గొప్ప. ఇక లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024 నివేదిక ఏమంటోందంటే, బీపీ, షుగరు, చెవుడు, ఒంటరితనం, ఒళ్లు వంచకపోవడం లాంటి 14 కారణాలని సరిచేసుకోగలిగితే దాదాపు 45 శాతం కేసుల్ని రాకుండా ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమట. కాబట్టి నా సైకిలు నాకూ మంచిదే.

ఇదంతా విని అమ్మ "అవన్నీ రేపటివాళ్లకి. నేను ఒక్క మధ్యాహ్నం నిద్రపోయి ఎన్నాళ్లయిందో అడిగావా?" అంది. నోరు మూసుకున్నాను. ఈ జబ్బుకి ప్రపంచం పెడుతున్న ఖర్చులో దాదాపు సగం విలువ ఇలా జీతం లేకుండా ఇంట్లోవాళ్లు చేసే చాకిరీదేనట. అమ్మ పేరు ఏ లెక్కల పుస్తకంలో ఉందో మరి.

నాన్న సంగతి. నన్ను ఇప్పుడు వాళ్ల తమ్ముడనుకుంటున్నాడు. మొన్న ఆదివారం సైకిలు తిరగేసి పంక్చరు చూసుకుంటున్నాను. చిల్లు దొరక్క నీళ్ల బకెట్టు కోసం లోపలికెళ్లి వచ్చేసరికి నాన్న కింద చతికిలబడి, ట్యూబుని బుగ్గకి ఆనించి మెల్లగా తిప్పుతున్నాడు. ఓ చోట ఆపి, వేలితో నొక్కి పట్టుకుని నావైపు చూశాడు. చిల్లు సరిగ్గా అక్కడే ఉంది! అల్జీమర్స్ మామూలుగా ముందు దెబ్బ కొట్టేది కొత్త జ్ఞాపకాలు అల్లే హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని. చేతులు నేర్చుకున్న పని మెదడులో వేరే చోట్ల ఉంటుంది, అది చాలాకాలం నిలుస్తుంది. ఇది చదివి తెలిసిందేలే, కళ్లారా చూస్తే మాత్రం బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ప్యాచ్ అతికించాక "ఎవరిదయ్యా ఈ సైకిలు?" అన్నాడు. నాదే అన్నాను. "బాగుంది. అమ్ముతావా?" పది నిమిషాల్లో నాలుగుసార్లు బేరమాడాడు.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు చందా ఇవ్వకపోయినా ఫర్వాలేదు. యాత్ర రోజు పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా నాన్న దగ్గర కూర్చోవాలి. అమ్మ ఆ రోజు వాళ్ల అక్క ఇంటికెళ్లి పడుకుంటుందిట, నన్ను చూడ్డానికి కూడా రాదట. రాగానే "నన్ను గుర్తుపట్టారా?" అని పరీక్ష పెట్టకు. "బాబాయ్, నేను ఫలానా" అని నీ పేరు నువ్వే చెప్పు. రెండు పనులు ఒకేసారి చెప్పొద్దు. "మా అమ్మేది?" అని అడిగితే చనిపోయిందని అనకు, ప్రతిసారీ కొత్తగా ఏడుస్తాడు. ఆవిడ ఎలా ఉండేదో చెప్పమను, చాలాసేపు చెబుతాడు.

సైకిలు ఎక్కడికి పోయిందని అడిగితే మాత్రం, బేరం ఇంకా తెగలేదని చెప్పు.

నీ
మోకాళ్లు లేనివాడు