కౌలు రైతు పేరు ఈ-పంటలో లేకుంటే తుపాను సాయం ఎవరికి?

సంపాదకుడికి,

తుపాను తీరం దాటిన మర్నాటి నుంచే ఎకరాకు ఎంతిస్తారన్న లెక్కలు మొదలవుతాయి. ఆ సొమ్ము ఎవరి ఖాతాలో పడుతుందన్నది మాత్రం నాట్ల నాడే తేలిపోయి ఉంటుంది. డెల్టాలో కౌలు రైతు నష్టపోతున్నది అక్కడే.

విపత్తు సహాయ నిధికి కేంద్రం 2022లో సవరించిన నిబంధనల ప్రకారం పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటే ఇన్‌పుట్ సబ్సిడీ, అంటే సాగు ఖర్చులకు సాయం వస్తుంది. వర్షాధార పంటకు హెక్టారుకు రూ.8,500, నీటి వసతి ఉంటే రూ.17,000, తోటలకు రూ.22,500. అదీ రెండు హెక్టార్ల వరకే. పదిహేడు వేలంటే ఎకరాకు ఏడు వేలు కూడా కాదు. 2024 సెప్టెంబరు వరదల తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వరికి దాన్ని హెక్టారుకు రూ.25,000 చేసింది. మంచి పనే, కానీ పెంచిన సొమ్ము కూడా ఏ పొలంలో ఏ పంట ఎవరు వేశారో ప్రభుత్వం నమోదు చేసే ఈ-పంట జాబితా వెంటే వెళ్తుంది.

ఈ-పంటలో సర్వే నంబరు, పంట, విస్తీర్ణం ఎక్కించి, పొలంలో ఫొటో తీసి, చివర సాగుదారు వేలిముద్ర వేయించాలి. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలుదారుకు 11 నెలల కార్డు ఇస్తారు. దానికి యజమాని సంతకం కావాలి. భూమి మీద హక్కు పోతుందన్న భయంతో కొందరు, అదే పొలం మీద తమ పేరిట పంట రుణం ఉన్నందున మరికొందరు సంతకం పెట్టరు. దాంతో చాలాచోట్ల యజమాని పేరే ఎక్కుతుంది. పైరు మునిగాక వచ్చిన బృందం ఆ పేరు ఎదురుగానే నష్టం రాస్తుంది. విత్తనం, ఎరువు, నాట్ల కూలీ పెట్టినవాడు మాత్రం కౌలు బస్తాలు బాకీ పడతాడు.

యజమాని సంతకం లేకున్నా, ఫలానా సర్వే నంబరు ఫలానావారు సాగు చేస్తున్నారని గట్టు పక్క రైతులు గ్రామసభలో చెబితే ఈ-పంటలో సాగుదారు పేరు ఎక్కించాలి. ఆ నమోదును విపత్తు సాయానికే పరిమితం చేస్తూ ఉత్తర్వులిస్తే యజమానులకూ భయం ఉండదు.

లెక్క కట్టే సమయం రెండో సమస్య. పూత మీద ఉన్న వరిని గాలివాన కొడితే నీరు తీసిన వెంటనే చేను పచ్చగానే కనిపిస్తుంది. పుప్పొడి కొట్టుకుపోయి గింజ పాలు పోసుకోలేదన్న సంగతి తర్వాత కంకి నలిపి చూస్తే గానీ తెలియదు. తొలిరోజుల్లో గట్టు మీంచి చూసి 20 శాతం అని రాస్తే ఆ రైతు జాబితాలోకే రాడు. పూత దశలో దెబ్బతిన్న చేలను రెండు వారాలకు మళ్లీ చూడాలి. కోసి పనల మీద ఉండగా మొలకెత్తిన వరిని ఎలా రాయాలో బృందాలు బయల్దేరకముందే చెప్పాలి. రైతు సేవా కేంద్రంలో అతికించే జాబితాలో తిరస్కరించిన పేర్లు, కారణాలు కూడా ఉండాలి. అవి లేకుండా అభ్యంతరం దేనిమీద చెప్పాలి?

రైతులు చూసుకోవాల్సినవీ ఉన్నాయి. ఆధార్ ఆధారంగా చెల్లించే సొమ్ము మీరిచ్చిన పాస్‌బుక్ జిరాక్సును బట్టి రాదు, మీరు చివరిసారి ఆధార్ అనుసంధానం చేయించిన ఖాతాకు పోతుంది. అది వాడకంలో ఉందో లేదో బ్యాంకులో ముందే అడగండి. పొలంలో ఇసుక మేట మూడు అంగుళాలు దాటితే సన్న, చిన్నకారు రైతులకు తొలగింపు ఖర్చు కింద హెక్టారుకు రూ.18,000 నిబంధనల్లోనే ఉంది. ట్రాక్టరు దించకముందే టేపు పెట్టి మందం కనిపించేలా ఫొటో తీయించి, అధికారి చేత రాయించుకోవాలి. ఇసుక ఎత్తేశాక కొలవడానికి ఏమీ మిగలదు.

వచ్చే ఖరీఫ్ ఈ-పంట నమోదు మొదలయ్యేలోగా కౌలుదారుల విషయంలో వ్యవసాయ, రెవెన్యూ శాఖలు కలిసి ఉత్తర్వులివ్వాలి. నమోదు గడువు ముగిశాక ఇచ్చే ఉత్తర్వు ఆ ఏడాది తుపానుకు అక్కరకు రాదు.

– ఒక పాఠకుడు, కృష్ణా జిల్లా